నేను చంపిన పెద్దసారు

సన్మానపు శాలువా వాసన ఎప్పుడైనా చూశారా? కప్పినప్పుడు కాదు, ఇంటికి తెచ్చి మడత పెట్టేటప్పుడు. కలరా ఉండలూ, ఎవరి మెడ చెమటో, ఎక్కడి అత్తరో కలిసిన వాసన. మా టీచర్ల లోకంలో శాలువాలకు కూడా బదిలీలు ఉంటాయి. ఒకరి రిటైర్మెంటులో కప్పింది ఇంకొకరి రిటైర్మెంటుకు పోతుంది. మోత్కూరు దగ్గర ఒక బడిలో నేను ఎవరికో కప్పిన ఆకుపచ్చ శాలువా, తిరిగి తిరిగి నా భుజాల మీదికే వచ్చింది. అంచు మీద నా చేతి చాయ్ మరక చూసి గుర్తుపట్టాను.

ఇది కొంచెం పెంచి చెప్పాను. శాలువా ఆకుపచ్చదే. మరక కూడా ఉంది. అది నా చాయో కాదో ప్రమాణం చేసి చెప్పలేను.

సన్మానాలంటే నాకు రోత. నా మీద పైవాళ్లకు అర్జీలు పెట్టినవాడే మైకు పట్టుకుని "మా అన్న లాంటివారు" అంటాడు. "కొవ్వొత్తిలా కరిగిపోయారు" అని ఒకడు అంటే, వాడి తరువాతివాడూ అదే కొవ్వొత్తిని వెలిగిస్తాడు. వినేవాళ్ల ముఖాలు వేదిక వైపు, ముక్కులు వెనకాల చికెన్ ఉడుకుతున్న డేగిసా వైపు.

అయితే ఆ రోత పనిలో నన్ను మించినవాడు మా మండలంలో లేడు. ఏటా గురుపూజోత్సవం నాడు మైకు నాదే. "నన్ను తీర్చిదిద్దినవాళ్లు" అన్న ఒకే విషయం మీద నేను ఎన్నేళ్లు మాట్లాడానో. మొదట మా బాపు, తరువాత నా భార్య, చివరికి మా పెద్దసారు. ఆ వరుస ఎన్నడూ తప్పలేదు.

"మా బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకుని, పొంగే మూసీని ఈది బడికి చేర్చాడు" అనేవాణ్ణి. చప్పట్లు పడేవి. నిజానికి మా ఇంటికీ బడికీ మధ్య ఉన్నది ఒక మురుగు కాలువ. దాన్ని నేనే దూకేవాణ్ణి. బాపు చేసింది వేరే. ఆయన ఒక దొర దగ్గర జీతానికి ఉండేవాడు. నన్ను కూడా పసుల కాడికి పంపమని దొర అడిగితే, "వానికి ఫిట్సొస్తయి దొరా, బాయిల పడి సస్తడు, మళ్ల మీకు బద్నాం" అని చెప్పి తప్పించాడు. నాకు ఫిట్సు లేవు, ఏమీ లేవు. ఒక్క అబద్ధంతో బాపు నన్ను పసుల వెనకనుంచి లాగి పలక ముందు కూర్చోబెట్టాడు. నది ఈదడం కన్నా ఇది ఎంత పెద్ద పనో ఇప్పుడు తెలుస్తుంది. కాని వేదిక మీద దాన్ని ఒక్కసారీ చెప్పలేదు. ఫిట్సు మాటకు చప్పట్లు పడవు.

"నా భార్య పుస్తెలమ్మి నన్ను టీచర్ ట్రైనింగు చదివించింది" అనేది రెండో మాట. పుస్తెలు ఇవాళ్టికీ ఆమె మెడలోనే ఉన్నాయి. ఆమె అమ్మలేదు, దాచింది. దాచింది నా చెప్పుల్ని. పొద్దంతా పత్తి ఏరబోతూ నా చెప్పుల్ని గింజల గుమ్మిలో పూడ్చి పోయేది. అవి లేకపోతే ఆ ఎండలో, ఆ రాళ్ల నేల మీద కల్లు దుకాణం దాకా పేకాటకు నడవలేను. "పో, ఉత్తకాళ్లతోటి పో. బొబ్బలు లేస్తె సక్కగ ఇంట్ల పడి సదువుతవు" అనేది. అట్లా చదివాను. జొన్న గింజలు ఇరుక్కున్న చెప్పులతోనే పరీక్ష రాసి వచ్చాను.

ఇక పెద్దసారు. నాకు మొదటి ఉద్యోగం వచ్చిన బడికి ఆయన హెడ్మాస్టరు. మైకులో ఆయన ఎట్లా ఉండేవాడో చెబుతాను: తెల్లని ఖద్దరు, నుదుట తేజస్సు, గంభీరమైన గొంతు. ఆయన నడిచివస్తుంటే బడి ఆవరణలో చెట్లు కూడా ఆకు కదపకుండా నిలబడేవి.

ఆ బడిలో చెట్లే లేవు.

ఆయన ముక్కుపొడి మనిషి. ముక్కు కింద ఎప్పుడూ గోధుమ రంగు చార ఉండేది. జేబులో రుమాలు ఎండి అప్పడంలా బిగుసుకుపోయి ఉండేది. ఆ ముక్కుపొడి వేలినే నాలుక మీద తడుపుకుని హాజరు పట్టీ తిప్పేవాడు. ప్రతి పేజీ మూలనా ఆయన బొటనవేలి మచ్చ. నేను ఆ పుస్తకాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి సంతకం పెట్టేవాణ్ణి. ఇంటికి పోయి చేతులు కడుక్కునేవాణ్ణి. నోరు తెరిస్తే బూతు. తుమ్మితే రెండు తరగతుల పిల్లలు నవ్వేవాళ్లు.

నేను పాఠం చెప్పిన మొదటి రోజు ఆయన వచ్చి చివరి బెంచీలో, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. నేను మొదలుపెట్టిన కాసేపటికే చెయ్యెత్తాడు.

"వినవడ్తలేదు!"

గొంతు పెంచాను.

"వినవడ్తలేదు!"

అరిచాను. పక్క తరగతి సారు వచ్చి తొంగి చూశాడు. పెద్దసారు మాత్రం చెయ్యి దించలేదు. గంట కొట్టాక గొంతు బొంగురుపోయి ఆయన దగ్గర నిలబడ్డాను.

"మీకు చెవుల ఇబ్బంది ఉందా సార్?" అని అడిగాను.

"నా చెవులకేం రోగం రా? మంచిగనే ఉన్నయి. నువ్వు బుక్కుల ఉన్నది సదివినవు. గది బుక్కు మాట. నీకు తెల్సింది చెప్పు. నీకు తెల్సింది చెప్పేదాంక నాకు వినవడది" అన్నాడు, చిటికెడు పొడి పీలుస్తూ.

ఆ ఏడంతా ఖాళీ దొరికితే చాలు, వచ్చి ఆ బెంచీలో కూర్చునేవాడు. నేను గొప్పకు పోయినప్పుడల్లా, తెలియనిది తెలిసినట్టు దాటేసినప్పుడల్లా చెయ్యి లేచేది. ఆ చెయ్యి విరిగిపోవాలని మొక్కుకున్నాను. ఏడాది చివరికి ఒక నాడు పాఠం అయిపోయింది, గంట కొట్టారు, చెయ్యి లేవలేదు. ముప్పై ఏళ్లకు పైగా నేను తిన్న అన్నం ఆ చివరి బెంచీ పెట్టిందే.

అట్లాంటి మనిషిని నేను చంపాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలులో మా మండలం గురుపూజోత్సవం. నేను పెద్దసారు తేజస్సు దగ్గరికి వచ్చాను. తల ఎత్తినవాడు ఒక్కడు లేడు. మిక్చర్ పొట్లాల గరగర, ఫోన్ల మీద బొటనవేళ్లు. ముందు వరుసలో ఒక ఆఫీసరు ఆవలించాడు, ఆయన గొంతులో నమిలిన పాన్ ఎర్రగా కనబడింది. నాకు ఒళ్లు మండింది. నోటి నుంచి ఆ మాట దానంతట అదే ఊడిపడింది.

"ఆ మహానుభావుడు ఇప్పుడు మన మధ్య లేడు."

పొట్లాల చప్పుడు ఆగింది. ఎవరో నాలుక చప్పరించారు. ఆఫీసరు నోరు మూశాడు. నాకు రుచి తగిలింది. "నా చేతిలో చెయ్యి పెట్టి, పిల్లలు జాగ్రత్త అంటూ కన్ను మూశాడు" అన్నాను. టీచరమ్మలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. అందరినీ లేపి మౌనం పాటింపజేశారు. అదే సమయానికి పెద్దసారు చిట్యాలలో, హైవే పక్కన ఉన్న తన ఇంట్లో జొన్నరొట్టె నములుతూ ఉండి ఉంటాడు.

బతికినన్నాళ్లూ ఆవలింతలు, పోయాడంటే కన్నీళ్లు. వీళ్ల మీద ఎంత రోత పుట్టిందో, ఆ కన్నీళ్లు నాకు అంత నచ్చాయి. మరుసటి ఏడు కూడా చంపాను. ఒక ఏడు దవాఖానలో పోయాడు. ఒక ఏడు ఇంటి అరుగు మీద, వాన పడుతుండగా పోయాడు. ఇంకో ఏడు బడి వాకిట్లోనే. ఒకే మనిషి ఇన్ని చోట్ల ఎట్లా చచ్చాడని ఒక్కరూ అడగలేదు. వినేవాడు ఉంటే కదా!

ఇందులో ఒక చిక్కు వచ్చి పడింది. అంతకు ముందు ఏడాదికి రెండు మూడు సార్లు చిట్యాల పోయి ఆయనను చూసి వచ్చేవాణ్ణి. చంపిన తరువాత ముఖం చెల్లలేదు. పోవడం మానేశాను. ఆయన ఫోను చేస్తే నా భార్యకు అందించి దొడ్లోకి పోయేవాణ్ణి.

రిటైర్మెంటు వయసు మూడేళ్లు పెంచారు గనుక ఆ మూడేళ్లు కూడా చంపుకుంటూ గడిపాను. తరువాత నా వంతు వచ్చింది. మా బడిలో ఆటలు నేర్పే పీఈటీ సారు నా సన్మానం మొత్తం నెత్తిన వేసుకున్నాడు. ముందురోజు సాయంత్రం నన్ను మైదానానికి తీసుకుపోయాడు. షామియానా, వేదిక, పెళ్లికొడుకు కుర్చీల్లాంటి రెండు ఎర్ర కుర్చీలు. ఫ్లెక్సీ మీద నా ముఖం కన్నా పెద్దగా ఊరి నాయకుల ముఖాలు.

"సార్, అసలు సర్‌ప్రైజ్ గిది" అని ఒక గుడ్డ తీశాడు.

పెద్దసారు ఫొటో. పాత గ్రూప్ ఫొటోలోంచి ముఖం కత్తిరించి, నిలువెత్తున పెంచారు. నల్గొండ స్టూడియోవాడు ఆయనకు నీలం కోటు తొడిగి, ఎర్ర టై కట్టాడు. ముక్కు కింద చారను శుభ్రంగా తుడిచేశాడు. నుదుట కుంకుమ బొట్టు పెట్టాడు. ముందు స్టూలు మీద దీపపు కుంది.

"మీ గురువుగారి ఆత్మ సూడాలె కద సార్! రేపు పొద్దుగాల బంతిపూల దండ తెప్పిస్తున్న. మీరేం ఫికర్ చెయ్యకుర్రి."

చెప్పవలసిన మాట అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. నేను ఏమన్నానో తెలుసా? "కోటు బాగా కుదిరింది" అన్నాను. నా మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కుంకుమ భరిణె గూట్లో పెడుతోంది. కాళ్ల నిండా బస్సు దుమ్ము.

"ఏడికి పోయినవే?"

"చిట్యాల. నీకు పిలవబుద్ధి కాకపాయె. పెద్దసారు కోడలికి బొట్టు పెట్టి, సారును పిలిచొచ్చిన. రేపు వస్తనన్నడు. ఏందయ్యా, దయ్యాన్ని సూసినట్టు సూస్తున్నవ్?"

కూర్చోబెట్టి చెప్పాను. దవాఖాన చావు, అరుగు చావు, బడి వాకిట్లో చావు, నీలం కోటు, రేపటి దండ. ఆమె గురుపూజోత్సవాలకు ఎన్నడూ రాలేదు కనుక ఒక్క ముక్కా తెలియదు. విన్నంత సేపు విని, వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చింది.

"థూ! నీ బతుకుల మన్ను వడ. మొన్న ఫోన్ల ఆయన ఏమన్నడో ఎర్కేనా? 'మావోనికి నా మీద కోపమొచ్చిందామ్మా, ఎందుకొస్తలేడు' అన్నడు."

"రేపు వద్దని చెప్పరాదే. ఇంకో నాడు మనమే పోదాం" అన్నాను.

"బొట్టు పెట్టి పిలిచిన మనిషిని రావద్దంటనా? సంపుడు నీ పనైతె గావచ్చు, పిలిచి ఎళ్లగొట్టుడు నా పని గాదు. రేపు నువ్వే చెప్పుకో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందో లేదో చెప్పను. బాగానే పట్టింది. కాని పొద్దున్నే లేచి, ఫొటో దాచేద్దామని మైదానానికి పరుగెత్తాను. పీఈటీ సారు నాకన్నా ముందే వచ్చాడు. దండ వేశాడు. దీపం వెలిగించాడు. ఊరి పెద్దమనుషులు వచ్చి పూలు కూడా చల్లిపోయారు.

సభ మొదలైంది. నేనూ నా భార్యా దండలతో ఎర్ర కుర్చీల్లో కూర్చున్నాం. మా పక్కనే నీలం కోటులో పెద్దసారు. మైకులో కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నా కళ్లు గేటు మీదే. ఒక ఆటో ఆగింది. కర్ర ముందు దిగింది, తరువాత ఆయన దిగాడు. ఎనభై అయిదు దాటిన మనిషి, చొక్కా లోపల ఎముకలు కదులుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వేదిక వైపు రాలేదు. ఎప్పటిలాగే చివరి వరుసకు పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుని వేదికను చూశాడు. అట్లా చూస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే పీఈటీ సారు మైకు అందుకున్నాడు. "మన సారుకు గురువైన స్వర్గీయ పెద్దసారు ఆత్మశాంతి కోసం అందరూ లేచి మౌనం పాటించాలని కోరుతున్నాను."

అందరూ లేచారు. చివరి వరుసలో పెద్దసారు కూడా కర్ర మీద బరువు వేసి లేచాడు. తన కోసం తనే తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో ఒక తుమ్ము వినబడింది. నాకు బాగా తెలిసిన తుమ్ము. తలలన్నీ వెనక్కు తిరిగాయి. నా భార్య మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

మైకు నా చేతికి వచ్చింది. అప్పుడైనా బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? "ఆ మహనీయుడి తేజస్సు" అనే మొదలుపెట్టాను. తరువాత గొంతు తగ్గించి, "ఆయన గురించి నేను చెప్పినవాటిలో కొన్ని విషయాలు, అంటే, కొంత మేరకు..." అని గొణిగాను.

చివరి వరుసలో చెయ్యి లేచింది.

"వినవడ్తలేదు!"

"కొన్ని పొరపాట్లు దొర్లిన మాట..."

"వినవడ్తలేదు!"

జనం నవ్వారు. ఎవరో ముసలాయనకు చెవుడనుకున్నారు. మెడలోని దండలు తీసి కుర్చీ మీద పడేశాను.

"సారు సావలేదు. బతికే ఉన్నడు. అగో, ఎనుక చెయ్యి లేపింది ఆయనే. మీరు ఇనాలని, మీరు ఏడ్వాలని నేనే సంపిన. ఏటా సంపిన. దవాఖానలంటిని, అరుగు మీదంటిని, అన్నీ అబద్ధం. పాఠం చెప్పుడు నాకు నేర్పింది ఆయన. నాకు మొఖం లేక ఆయన ఇంటికి పోవుడే బందు పెట్టిన."

ఆయన చెయ్యి మెల్లగా దించాడు. "ఆఁ, గిప్పుడు వినవడ్డది."

కర్ర టకటకమనుకుంటూ వేదిక మీదికి వచ్చాడు. నన్ను చూడలేదు. ఫొటోను చూశాడు.

"గీ కోటెవనిది రా?"

"స్టూడియోవాళ్లది సార్."

"నాకంటె మంచిగున్నడు. బ్యాంకు మేనేజర్ లెక్క ఉన్నడు." చెయ్యి చాపి ఫొటో మీది బంతిపూల దండ తీశాడు. తన మెడలోనే వేసుకున్నాడు.

ముందు వరుసల్లో ఆడవాళ్లు "అయ్యో, వద్దు తాతా! అది సచ్చినోల్ల దండ" అని లేచారు.

"నాకేసిన దండ నేనేసుకోక మీరేసుకుంటరా? ఇంతకు బువ్వ ఎప్పుడు?"

భోజనాల దగ్గర మళ్లీ రోత పుట్టించే పని ఒకటి జరిగింది. ఆ దండతో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. ఏటా ఆయన చచ్చాడంటే కొంగులు తడుపుకున్నవాళ్లే, బతికి వచ్చి కూర్చుంటే అపశకునమని ఆకులు తీసుకుని దూరంగా జరిగారు. నేనూ నా భార్యా ఆయనకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆయన పొడి పీల్చి, నా ఆకు మీదికే తుమ్మాడు. నేను సంతోషంగా తిన్నాను.

సంతోషంగా కాదు. ఒక పక్క అన్నం తోసేసి, ఊపిరి బిగబట్టుకుని, రెండో పక్కది తిన్నాను. కాని తిన్నాను.

"ఎట్ల సచ్చిన్నో చెప్పు రా, వింట" అన్నాడు. చెప్పాను. దవాఖాన చావుకు ముఖం చిట్లించాడు. వాన దగ్గర తల ఊపాడు. "వానల పోయింది మంచిగుంది. గది ఉంచు." కాసేపు ఎముక చీకి, మెల్లగా అన్నాడు: "సంపితె సంపినవ్ లే. ఇంటికి రాకుంట ఉంటివి సూడు, గది మంచిగ లేదు."

పోయేటప్పుడు ఫొటో కూడా అడిగి ఆటోలో వేయించుకున్నాడు. ఎప్పుడన్నా పనికి వస్తుందన్నాడు.

తరువాత ప్రతి ఆదివారం చిట్యాల పోయాను. ప్రతి ఆదివారం కాదు. నెలకోసారి. ముక్కుపొడి డబ్బా నేనే కొనుక్కుపోయేవాణ్ణి. ఆ రుమాలు మాత్రం చివరి దాకా ముట్టలేదు.

మొన్నటి ఎండాకాలం ఆయన నిజంగా పోయాడు. వాన లేదు, నా చేతిలో చెయ్యి లేదు. మధ్యాహ్నం మంచం మీద నిద్రలోనే. పీఈటీ సారుకు ఫోను చేశాను.

"మళ్ల సంపిన్రా సార్!" అని పకపకా నవ్వాడు. టీచర్ల గ్రూపులో పెడితే నవ్వే బొమ్మలు వచ్చాయి. నేను ఒట్టేసి చెప్పినకొద్దీ బొమ్మలు ఎక్కువయ్యాయి. ఒక్కరూ రాలేదు. వాళ్లను అనడానికి నోరు లేకపోయింది. వాళ్ల మీద పుట్టిన రోత అంతా మళ్లుకుని నా దగ్గరికే వచ్చింది.

వాకిట్లో కొద్దిమంది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు. గోడకు అదే నీలం కోటు ఫొటో, కొత్త దండ. ఆయన కోడలు నన్ను రెండు మాటలు చెప్పమంది. నిలబడ్డాను. "తెల్లని ఖద్దరు, నుదుట తేజస్సు" అన్నాను. అలవాటైన నోరు.

వెనకాల ఆడవాళ్లలో నిలబడ్డ నా భార్య చెయ్యెత్తింది.

"వినవడ్తలేదు."

ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను, ముక్కుపొడి దగ్గర నుంచి.